కొండగడ్డి విత్తబోయే సుధకు

చిరంజీవి సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

కొండవీడు వైపు బోడివాలులో నాటుగడ్డి మొలిపించే పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది. మొక్కలు నాటుతామనేవాళ్ళు ఊరంతా ఉన్నారు. గడ్డి కోసం కొండెక్కే పిల్ల మనింట్లో పుట్టిందని పొద్దుట్నుంచి కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాను.

కంకి బాగా ఎండాకే కొయ్యి. నీడన ఆరబెట్టి గుడ్డ సంచిలో దాచు. పైపైనే చల్లు, అర సెంటీమీటరు మట్టి చాలు. ఎరువు వద్దు, వేస్తే వయ్యారిభామే బలుస్తుంది.

తొందర మాత్రం పడకమ్మా. నేను కాలేజీలో బోటనీ చెప్పే రోజుల్లో ఒక సంస్థ వాళ్ళు ఇలాంటి వాలులోనే హెటెరోపోగాన్, అదే బట్టలకు గుచ్చుకునే ముళ్ళగడ్డి, బస్తాలకొద్దీ చల్లారు. కార్తీకంలో కోసి, తుఫాను వానకు నేల తడిసిందని ఆ నెలలోనే చల్లేశారు. ఒక్కటీ మొలవలేదు. విత్తనం చచ్చిందని సంక్రాంతి దాటగానే ట్రాక్టరుతో దున్నించి సుబాబుల్ నాటారు. చావలేదే తల్లీ, నిద్రలో ఉంది! కొత్త గింజకు ఆ నిద్ర నెలల తరబడి ఉంటుంది. మృగశిర వానలకు ట్రాక్టరు తాకని గట్ల వెంబడి పచ్చగా లేచింది. దున్నిన చోట లోతుకు పోయిన గింజ పైకి రాలేకపోయింది. ఆ గింజకు పొడుగాటి తోక ఉంటుంది చూశావా? తడిస్తే మెలితిరుగుతూ గింజను తానే నేలలోకి దింపుతుంది. అలాంటిదాని మీద ట్రాక్టరు నడిపారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకే ఈ ఏడు కోసింది వచ్చే మృగశిరకే చల్లు. ముందు అరచేతిలో నలిపి చూడు, గడ్డికంకుల్లో తాలు చాలా ఉంటుంది. వంద గింజలు తడిగుడ్డలో వేసి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టు. డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి. ఆ రెండు లెక్కలూ ఎలా మారతాయో డబ్బిచ్చేవాళ్ళకు ముందే చెప్పిపెట్టు. లేకపోతే నీ వాలుకీ జనవరిలోనే ట్రాక్టరు తెస్తారు.

కోతకు ఒక్కదానివే వెళ్ళావంటే ఊరుకోను. ఎండుగడ్డిలో రక్తపింజర కలిసిపోతుంది, కాలు వేసేదాకా కనపడదు. చెప్పులతోనే బయల్దేరతావని నాకు తెలుసు, చిన్నప్పుడూ అంతే. మోకాలిదాకా బూట్లు కొనుక్కో, డబ్బు నేనిస్తాను. మీ అమ్మకు చెప్పకు, కంగారు పడుతుంది. కాటు పడితే కోయడాలూ కట్టడాలూ వద్దు, నేరుగా గుంటూరు పెద్దాసుపత్రికి రావాలి. కూలికి వచ్చేవాళ్ళకూ ఈ మాట చెప్పు, వాళ్ళకూ బూట్లు కొను.

మొదటి వంద గింజల లెక్క రాగానే ఫోన్ చెయ్యి. రాత్రయినా పర్లేదు.

మీ పెద్దమ్మ