చిన్న గట్టే కదా, మేమే కట్టుకోవచ్చా?

ప్రశ్న: ఇంటి వెనకాల మొక్కల కోసం ఇటుకలతో చిన్న గట్టు కట్టాలనుకుంటున్నానండి. ఇంత చిన్న పనికి ఏ మేస్త్రీ రానంటున్నాడు, వీడియోలు చూస్తే తేలిగ్గానే అనిపిస్తోంది కానీ నేనెప్పుడూ తాపీ పట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: నిక్షేపంలా కట్టుకోండి. మోకాలెత్తు దాటనంతవరకూ పెద్ద ప్రమాదమేం లేదు, వంకరొస్తే పీకి మళ్ళీ కట్టుకోవచ్చు. మెత్తటి పైమట్టి తీసేసి గట్టి నేల తగిలేదాకా తవ్వి, అడుగున ఓ 10 సెంటీమీటర్ల కాంక్రీట్ వేయండి (సిమెంటు ఒకటి, ఇసుక రెండు, కంకర నాలుగు), అది బాగా గట్టిపడ్డాకే ఇటుక జోలికెళ్ళండి.

మాలు (సిమెంటు, ఇసుక, నీళ్ళ ముద్ద) కలిపేముందు మొదటి రెండు వరసలూ ఉత్తినే పేర్చి చూడండి, ఇటుకకీ ఇటుకకీ మధ్య 10 మిల్లీమీటర్లు వదులుతూ. ముక్క ఎక్కడ కొట్టాల్సొస్తుందో అప్పుడే తెలిసిపోతుంది, చాలాసార్లు గట్టు పొడవు కాస్త తగ్గిస్తే ఆ ముక్కతో పనే ఉండదు. కింది వరస అతుకు మీదకి పై ఇటుక నడుము రావాలి, అతుకులన్నీ ఒకే గీతలో పడితే గోడ అక్కడే చీలుతుంది. మూల సరిగ్గా తిరిగిందో లేదో చూడ్డానికి ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు గుర్తు పెట్టుకుని ఐమూలగా కొలవండి, 5 అడుగులొస్తే మూల కుదిరినట్టే.

కాల్చిన మట్టి ఇటుకల్ని ముందే నీళ్ళలో వేసి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచి, తీసి నీరు ఓడ్చాలి. చాలామంది ఎగ్గొట్టేది ఇదే. పొడి ఇటుక మాలులో నీళ్ళన్నీ పీల్చేస్తుంది, సిమెంటు గట్టిపడాలంటే ఆ నీళ్ళే కావాలి, అవి లేకపోతే తర్వాత మేకుతో గీకినా అతుకు పొడిపొడిగా రాలిపోతుంది. సిమెంటు ఇటుకలైతే మాత్రం నానబెట్టొద్దు, పైపైన తడిపితే చాలు.

సగం ఇటుక మందం గోడకి (అంటే ఇటుక వెడల్పంత మందం) మాలు సిమెంటు ఒకటికి నాలుగు పాళ్ళు జల్లించిన ఇసుక. ముందు పొడిగా రంగు సమంగా వచ్చేదాకా కలిపి ఆ తర్వాత నీళ్ళు కొద్దికొద్దిగా పోయండి. చేతులకి రబ్బరు గ్లౌజులు ఉండాల్సిందే, తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది, అదీ వెంటనే తెలీదు.

రెండు చివర్లా ఇటుకలు మట్టంగా పెట్టి వాటి మధ్య దారం లాగి కట్టండి. మాలు పరిచి, తాపీ మొనతో మధ్యలో చాలులా గీసి, పెట్టబోయే ఇటుక చివరకి కూడా కాస్త మాలు అంటించి, నొక్కి, తాపీ పిడితో రెండు దెబ్బలు వేయండి. పక్కకి పొంగిన మాలు తాపీ అంచుతో కోసి తీసేయాలి. ఇటుక దారాన్ని తాకకూడదు, వెంట్రుకవాసి ఎడం ఉండాలి, ఒక్కటి తాకినా దారం బయటికి జరిగి మిగతా వరసంతా పొట్ట వేస్తుంది. మాలు పట్టుకున్నాక ఇటుకని మళ్ళీ కదపొద్దు, తప్పదంటే పూర్తిగా తీసి, పాత మాలు గీకేసి కొత్తది వేసి పెట్టండి.

అన్నట్టు, మొక్కల గట్టు కాబట్టి అడుగు వరసలో అక్కడక్కడా నిలువు అతుకు ఖాళీగా వదిలేయండి, లేకపోతే నీరు లోపలే నిలిచి వేర్లు కుళ్ళుతాయి.

ప్రశ్న: కలిపిన మాలు గట్టిపడిపోతుంటే మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే పర్లేదా?

జవాబు: వద్దండి, ఒకసారి పట్టుకోవడం మొదలయ్యాక నీళ్ళు పోస్తే మెత్తబడుతుందే కానీ బలం ఉండదు, పారేయండి. అరగంటలో వాడగలిగినంతే కలుపుకోండి, కొత్త చేతికి ఒక చిన్న తట్టెడు కూడా ఎక్కువే.

ప్రశ్న: గట్టు బాగానే వచ్చింది. ఇదే ఊపులో కాంపౌండ్ గోడ కూడా మేమే కట్టేద్దామనుకుంటున్నాం.

జవాబు: ఊపు బావుంది కానీ ఆగండి. పొడుగ్గా ఒంటరిగా నిలబడే గోడకి గాలే పెద్ద శత్రువు, దానికి తగ్గ పునాది, మధ్యమధ్యలో పిల్లర్లు కావాలి, పడితే మనుషుల మీదే పడుతుంది. ఆ పని మేస్త్రీకే ఇవ్వండి, ఎత్తు ఎక్కువైతే ఇంజినీర్‌కి కూడా చూపించండి. మీరైతే ఇంకో గట్టో, తులసి కోటో, మెట్టో కట్టుకోండి. కట్టిన గట్టుకి మాత్రం కనీసం 7 రోజులు నీళ్ళు పట్టండి, ఎండ ఎక్కువుంటే తడి గోనెసంచులు కప్పి ఉంచండి.