ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ప్రశ్న: అయ్యా, మా కాలేజీ వార్షికోత్సవానికి గ్రీకు నాటకం ‘యాంటిగొనీ’ని తెలుగులో వేస్తున్నాం. నాకు రాజు క్రియాన్ వేషం ఇచ్చారు. సొంత ఊరి మీదికి శత్రుసేనను తెచ్చి యుద్ధంలో చనిపోయిన మేనల్లుడి శవాన్ని ఎవరూ పూడ్చకూడదని, పూడిస్తే మరణశిక్ష అని క్రియాన్ ఆజ్ఞ వేస్తాడు. మేనకోడలు యాంటిగొనీ ఆ ఆజ్ఞ మీరి అన్న శవం మీద మట్టి చల్లుతుంది. బంధువని ఆమెను వదిలేస్తే పక్షపాతం అనరా? అతను చేసిన తప్పేమిటో తెలియకుండా వేషం ఎలా వేయను?
– డిగ్రీ విద్యార్థి, కందుకూరు

జవాబు: నాయనా, నీ ప్రశ్నలోనే క్రియాన్ గొంతు వినిపిస్తోంది కాబట్టి వేషం సగం పట్టుబడినట్టే. ఇంట్లోవాళ్లనే అదుపులో పెట్టలేనివాడు ఊరినేం ఏలుతాడన్నది అతని వాదన. కొట్టిపారేయదగిన వాదన కాదు. కోర్టు గుమాస్తాగా 31 ఏళ్లు పనిచేసినవాణ్ని. తనవాళ్ల విషయంలో మెత్తబడిన పెద్దమనిషిని ఊరు ఎలా ఆడిపోసుకుంటుందో నాకు తెలుసు.

అతని తప్పు అంతకన్నా ముందే ఉంది. ముద్దాయి చనిపోయాడని మరణ ధ్రువీకరణ పత్రం దాఖలైతే, ఎంత ఘోరమైన నేరమైనా ఆ మనిషి మీద కేసు ‘అబేట్’ అయిందని, అంటే ముగిసిపోయిందని రాసి మేము కట్ట కట్టేసేవాళ్లం. ఆ మేనల్లుడు పోలినైసిస్ చనిపోయాడు. అతనూ, ఊరి పక్షాన పోరాడిన తోబుట్టువూ ఒకరి చేతిలో ఒకరు పోయారు. అక్కడితో మూసేయవలసిన కట్టను క్రియాన్ విప్పి కుక్కల ముందూ గద్దల ముందూ పరిచాడు. చచ్చినవాణ్ని మళ్లీ చంపడం ఏం పౌరుషమని గుడ్డి జోస్యుడు టైరీసియస్ వచ్చి అడిగేది అందుకే. మన నెల్లూరి తిక్కన తెలుగు చేసిన 15 పర్వాల్లో స్త్రీపర్వం ఒకటి ఉంది కదా, తీసి చూడు. యుద్ధం ముగిశాక ధర్మరాజు రెండు పక్షాల వాళ్లకూ దహనం చేయిస్తాడు, దుర్యోధనుడితో సహా. దిక్కూ మొక్కూ లేని శవాలకు కూడా కట్టెలు పేర్పిస్తాడు. ఓడినవాడి పీనుగ మీద పగ తీర్చుకోవాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాదు.

అయితే నాటకాన్ని నిలబెట్టేది ఈ తప్పు కాదు, దీన్ని దిద్దుకోబోయి చేసిన రెండోది. జోస్యుడి మాటకు బెదిరి క్రియాన్ దిగివస్తాడు. ఊరి పెద్దలు అతనికి వరస కూడా చెబుతారు: ముందు వెళ్లి గుహలో మూయించిన యాంటిగొనీని విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు. సరేనని గొడ్డళ్లు తెప్పించి బయలుదేరతాడు. ఆ తర్వాత దూత వచ్చి చెప్పేది జాగ్రత్తగా చదువు. వాళ్లు ముందు శవం దగ్గరికే వెళ్లారు. కడిగారు. పచ్చికొమ్మలు నరికి కాల్చారు. ఎత్తుగా మట్టి దిబ్బ పోశారు. అప్పుడు గుహ వైపు తిరిగారు. అప్పటికే యాంటిగొనీ ఉరి వేసుకుంది. ఆమెను చేసుకోవలసిన హేమన్, అంటే క్రియాన్ కొడుకు (మన లెక్కలో మేనరికమే), తండ్రి మీద కత్తి దూసి, గురి తప్పి, ఆ కత్తితోనే పొడుచుకున్నాడు.

పెద్దలు చెప్పిన వరస ఎందుకు తిరగబడింది? నా అనుమానం చెబుతాను. శవం ఎదురుమాట అడగదు. బతికున్న పిల్ల కళ్లెత్తి చూస్తుంది.

ఈ అనుమానం నాకు పుస్తకాల వల్ల రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక శనివారం మధ్యాహ్నం దొమ్మీ కేసులో ఒక కుర్రవాడికి బెయిలు వచ్చింది. పూచీ కాగితాలు సరిచూసి, విడుదల ఉత్తర్వు మీద ముద్ర వేయించి, బంట్రోతు చేతికి ఇవ్వడం నా పని. వారమంతా వెనకబడిన తపాలా రిజిస్టరు బల్ల మీద ఉంది. అది నింపేసి ఇస్తే ఒక పని తీరుతుందనుకున్నాను. ఉత్తర్వు జైలుకు చేరేసరికి లాకప్ అయిపోయింది, అంటే ఖైదీలను రాత్రికి గదుల్లో పెట్టి తాళాలు వేసేశారు. వాడి తల్లి టిఫిన్ క్యారియర్ నిండా పులిబొంగరాలు పెట్టుకుని గేటు ఎదుట చింతచెట్టు కింద తెల్లవార్లూ కూర్చుందట. మరునాడు కుర్రవాడు క్షేమంగానే వచ్చాడు, నేను క్రియాన్‌ను కాలేదు. పులిబొంగరాలు మాత్రం పాచిపోయాయి.

2021 జూలైలో ఆగ్రా జైల్లో 13 మంది, బెయిలు వచ్చాక కూడా ఉత్తర్వు చేరక రోజుల తరబడి లోపలే ఉండిపోయారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ఆ వార్త చూసి సుప్రీంకోర్టు తరఫున విచారణకు తీసుకున్నారు. ఉత్తర్వులను నేరుగా జైళ్లకు కంప్యూటర్లో పంపే ‘ఫాస్టర్’ ఏర్పాటు 2022లో అలా వచ్చిందే. అది చదివిన రోజు నాకు ఆ చింతచెట్టు గుర్తొచ్చింది.

ప్రశ్న: రాళ్లతో కొట్టి చంపాలన్న శిక్షను మార్చి, కొంత తిండి పెట్టి యాంటిగొనీని క్రియాన్ గుహలో ఉంచాడు కదా. అది దయ కాదా?
– గృహిణి, కావలి

జవాబు: కాదమ్మా. ఆ తిండి ఆమె కోసం కాదు, చంపిన పాపం ఊరికి అంటకుండా ఉండటానికని అతనే చెబుతాడు. చెల్లెలు ఇస్మీన్‌ను వదిలేయడంలో కాస్త దయ ఉందంటే ఒప్పుకుంటాను. అది కూడా పెద్దలు “ఇద్దరినీ చంపుతావా?” అని అడిగాకే.

ప్రశ్న: మన కాటిసీనులో హరిశ్చంద్రుడు కన్నకొడుకు శవానికే సుంకం అడుగుతాడు. అతను సత్యసంధుడు, క్రియాన్ మూర్ఖుడా?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, చిన్నప్పటి నుంచీ నన్ను తొలిచే ప్రశ్న అడిగారు. హరిశ్చంద్రుడు ఆ సుంకం పెట్టినవాడు కాదు, వీరబాహుడికి అమ్ముడుపోయిన కాపరి. నష్టం కూడా ముందు తనకే. క్రియాన్ శాసనం తనే చేశాడు, మూల్యం మాత్రం పిల్లల చేత కట్టించాడు. తేడా అక్కడుందని అనుకుంటాను. అయినా నెల్లూరు పురమందిరంలో ఆ సీను చూసిన ప్రతిసారీ, హరిశ్చంద్రుడి పద్యానికి వన్స్‌మోర్ కొట్టే జనం మధ్య నేను చంద్రమతి పక్షానే ఉండేవాణ్ని. మన నాటకంలో చివరికి దేవతలు దిగివచ్చి లోహితుణ్ని బతికిస్తారు. ‘యాంటిగొనీ’ రాసిన సోఫోక్లీస్ ఎవరినీ దింపలేదు.

కందుకూరు అబ్బాయికి ఒక మాట చెప్పడం మరిచాను. ఆఖరి రంగంలో క్రియాన్ కొడుకు శవాన్ని చేతుల మీద మోసుకొస్తాడు. దించకముందే భార్య కూడా పోయిందన్న కబురు వస్తుంది. హేమన్ వేషం ఎవరికిచ్చారో కనుక్కో. బక్కపలచని కుర్రవాడైతే మేలు. ఎవరైనా సరే, ఎత్తి నిలబడటం ఇప్పటి నుంచే అలవాటు చేసుకో.