ఇంట్లో ఒకే నెట్ కనెక్షన్‌తో రెండు కంప్యూటర్లు వాడుకోవడం ఎలా? ఇంకో కనెక్షన్ తీసుకోవాలా?

అక్కర్లేదు. రెండో కనెక్షన్‌కు నెలనెలా కట్టే డబ్బుతో ఒక్కసారి లాన్ కేబుల్, అంటే రూటర్‌నుంచి కంప్యూటర్‌కు నెట్ తెచ్చే వైరు, కొని పడేయండి. రూటర్ వెనకాల లాన్ పోర్టులు ఖాళీగానే ఉంటాయి. ఒక కంప్యూటర్‌ను దానికి తగిలించండి, రెండోది వైఫైలో ఉండనీండి. రెండూ కేబుల్‌తో ఉంటే ఇంకా మంచిది. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు ఒక నెల దర్శనం టికెట్లు పోయాయి.

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. కింద ముందు గదిలో నా డెస్క్‌టాప్. నాలుగు షాపుల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు అందులోనే చేస్తాను. మిద్దె మీద గదిలో మా అమ్మాయి ల్యాప్‌టాప్. ఉద్యోగం బెంగళూరులో, పని ఇంటి నుంచి. రూటర్ నా పక్కనే ఉండడంతో వైఫై మిద్దె ఎక్కేసరికి దానికి ఆయాసం వచ్చేది.

అటక మీద పాత రూటర్ ఒకటి ఉంది. దించి, దుమ్ము దులిపి, అమ్మాయి గదిలో పెట్టాను. కింది రూటర్ నుంచి మెట్ల పక్కగా కేబుల్ లాగి, రెండింటి లాన్ పోర్టులూ కలిపాను. సిగ్నల్ గీతలన్నీ నిండుగా వచ్చాయి. ఆ రాత్రి కాస్త గర్వంగానే పడుకున్నాను.

తెల్లారితే 24వ తేదీ. 300 రూపాయల దర్శనం టికెట్లు పొద్దున 10 గంటలకు వదిలే రోజు. గుంటూరులో ఉన్న మా బావమరిది ఐదుగురి ఆధార్ నంబర్లు ముందు రోజే వాట్సాప్‌లో పంపాడు. తిరుపతిలో ఉన్నవాళ్ళకు టికెట్లు దొడ్లో కాస్తాయని చుట్టాలందరికీ ఒక నమ్మకం. ఆన్‌లైన్ కోటా గుంటూరుకైనా బైరాగిపట్టెడకైనా ఒకటేనయ్యా అంటే, ‘నీకేం బావా, కొండ కిందే ఉన్నావు’ అంటాడు. కొండ కింద ఉంటే నెట్ వేగంగా వస్తుందా?

పది కొట్టింది. పేజీ తెరుచుకుంది, ఆగింది, మళ్ళీ కొంచెం కదిలింది, ఆగింది. పైనుంచి అమ్మాయి కేక: “నాన్నా, మీటింగ్ కట్ అయిపోయింది. ఏం పీకినావు మళ్ళీ?”

“పీకలేదమ్మా, పెట్టినా!”

రూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఐదు నిమిషాలు బాగుంది, మళ్ళీ మామూలే. పదీ నలభైకి పేజీ నిలకడగా వచ్చింది. అప్పటికి మాకు కావలసిన తేదీలు అయిపోయాయి.

మధ్యాహ్నం కేబుల్ అబ్బాయి వచ్చాడు. తన ఫోన్‌లో రూటర్ సెట్టింగుల పేజీ తెరిచే అడ్రసు 192.168.1.1 కొట్టాడు. ఒకసారి కొత్త రూటర్ పేజీ వచ్చింది, ఇంకోసారి పాతదాని పేజీ. నవ్వాడు. “రెండు డబ్బాలకూ ఒకటే డోర్ నంబరు సార్. పోస్టుమ్యాన్ ఎవరింటికని పోతాడు?” పైగా రెండూ పోటీపడి ఇంట్లోని మిషన్లకు అడ్రసులు పంచుతున్నాయట. పాతదాని నంబరు 192.168.1.2 చేసి, దాంట్లో ఆ అడ్రసులు పంచే పని, డీహెచ్‌సీపీ అంటారు, ఆపేశాడు. పది నిమిషాల పని. చెప్పులు వేసుకుంటూ అన్నాడు: “పైన ఉండేది ఒక్క ల్యాప్‌టాపే కదా సార్. ఈ వైరు నేరుగా దానికే గుచ్చింటే పోయేది.”

నిజమే. వైరు ఆ గది దాకా లాగింది నేనే!

అప్పటి నుంచి ఎవరు అడిగినా కేబుల్ అనే చెబుతున్నాను. మామూలు క్యాట్ 5ఈ రకం లాన్ కేబుల్ చాలు, వంద మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది. గోడ మీద వైరు కనిపిస్తే అసహ్యమని వేలు పోసి వైఫై బూస్టర్లు కొనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చవక బూస్టర్ వచ్చిన సిగ్నల్‌నే పట్టుకుని అదే దారిలో మళ్ళీ పంపుతుంది, వేగం దాదాపు సగానికి పడిపోతుంది. ఒక కంప్యూటర్‌కు నెట్ ఇచ్చి, అందులోంచి రెండోదానికి షేర్ చేయమనే పెద్దలు కూడా ఇంకా ఉన్నారు. అది విండోస్ 98 కాలం నాటి ఉపాయం. మొదటిది ఆపితే రెండోదానికీ నెట్ ఉండదు. రూటర్ ఉన్న ఇంట్లో అదెందుకు?

స్పీడు సగం అవుతుందని భయపడకండి. అన్నదమ్ముల పంపకంలా చెరిసగం కోసి పెట్టరు, ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు వాడుకుంటారు. వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది, మా ప్లాన్ 40. కాల్ నత్తినత్తిగా వస్తుంటే ముందు ఇంట్లో ఫోన్లు చూడండి. పెళ్ళి వీడియోలన్నీ బ్యాకప్‌కు ఎక్కుతూ అప్‌లోడ్‌ను నమిలేస్తుంటాయి. మా ఇంట్లో ఆ దొంగ మా ఆవిడ ఫోన్.

వచ్చే 24కి బావమరిది ఈసారి ఆరుగురి ఆధార్లు పంపాడు. వాళ్ళింట్లోనూ రెండు కంప్యూటర్లు ఉన్నాయి. నెట్టూ ఉంది.