బెజవాడా, గుంటూరా? ఊరు మారేవారి సందేహాలు

ప్రశ్న: పదకొండేళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాం. మావారికి మంగళగిరిలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలి. ఆఫీసు హైవేకి దగ్గర, ఉదయం తొమ్మిదిన్నరకల్లా ఉండాలి. నా పుట్టిల్లు గుంటూరు, అత్తవారిది విజయవాడ. ఇద్దరూ మా ఊరికే రమ్మంటున్నారు. కారు, స్కూటీ ఉన్నాయి. ఆరేళ్ళ బాబుకి దుమ్ము పడదు, ఆయాసం వస్తుంది. అద్దె 16 వేలు దాటకూడదు. ఏ ఊళ్ళో ఇల్లు తీసుకోవాలి?
– ఓ గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: పుట్టింటివారినీ అత్తింటివారినీ కాసేపు పక్కన కూర్చోబెట్టి ముందు దారి సంగతి చూడండి. విజయవాడ బెంజి సర్కిల్ నుంచి మంగళగిరి పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. గుంటూరు నుంచి ఇరవై పైమాటే. కిలోమీటర్లు బెజవాడకే మొగ్గుతాయి. నిమిషాల లెక్క వేరు, అది మీరు ఏ పేటలో దిగారన్నదాన్ని బట్టి ఉంటుంది. పటమటలో ఉంటే బెంజి సర్కిల్, ఆ తర్వాత కృష్ణ మీది వారధి. పొద్దున ఎనిమిదిన్నర దాటితే అక్కడ బండి కదిలే తీరు చెప్పనక్కర్లేదు. భవానీపురంలో ఉంటే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి, తాడేపల్లి మీదుగా వెళ్ళొచ్చు. లారీలు ఉండవు కాబట్టి స్కూటీకి హాయి. కానీ కృష్ణకు పెద్ద వరద వస్తే ఆ దారి మూసేస్తారు. గుంటూరులో తిప్పలు హైవే మీద కాదు, ఊరు దాటడంలోనే. బ్రాడీపేట, అరండల్‌పేట నుంచి బయటపడేసరికే పావుగంట, ఇరవై నిమిషాలు పోతాయి. అదే ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు గోరంట్లలో ఇల్లు దొరికితే ఊరి మధ్యకు రాకుండానే హైవే ఎక్కేయొచ్చు.

ఇక ఖర్చు. గుంటూరు నుంచి రానూపోనూ 44 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు అనుకుంటే 1,056 కిలోమీటర్లు. కారు లీటరుకు 15 ఇస్తే 70 లీటర్లు. లీటరు 110 లెక్కన 7,700 రూపాయలు. పటమట నుంచి ఇదే లెక్క ఐదు వేల దగ్గర ఆగుతుంది. ట్రాఫిక్‌లో మైలేజీ పడిపోతుంది కాబట్టి ఇంకో ఐదారు వందలు కలుపుకోండి. గుంటూరు వైపు ఇంకొకటి ఉంది, కాజ టోల్‌గేటు. మంగళగిరికి బెజవాడ నుంచి వచ్చేవారికి అది తగలదు. గుంటూరులో ఉంటే మీకు రోజూ రెండుసార్లు తగులుతుంది. 2025లో మూడు వేలకు వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు తీసుకుంటే ఏడాదంతా నిశ్చింత అని చాలామంది పొరబడుతున్నారు. ఆ పాసుకు ఏడాది గడువు ఉన్నా, 200 ట్రిప్పులు అయిపోతే అక్కడితో సరి. వెళ్ళడం ఒకటి, రావడం ఒకటి అని లెక్క, అంటే నెలకు 48. నాలుగు నెలలు దాటగానే పాసు ఖాళీ. మీకు పనికొచ్చేది టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవారికి ఇచ్చే స్థానిక నెలపాసు. సొంత కార్లకు 2025-26లో అది 350 రూపాయలు ఉండేది. ఏటా ఏప్రిల్ 1న మారుతుంది. దానికి స్థానిక చిరునామా రుజువు అడుగుతారు. కూకట్‌పల్లి ఆధార్‌తో వెళ్తే పని జరగదు. అద్దె అగ్రిమెంటు రాయించుకోగానే ఆధార్‌లో చిరునామా మార్పించాకే పాసు సంగతి చూడండి. స్కూటీకి టోల్ లేదు. కానీ వర్షాకాలంలో లారీల మధ్య రోజూ ఇరవై కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్ళమని మేము చెప్పం.

రైలును చిన్నచూపు చూడకండి. విజయవాడ–గుంటూరు లైన్లో మంగళగిరి స్టేషను ఉంది. రెండో తరగతి నెల సీజన్ టికెట్టు ఖరీదు కారుకు ఒకటి రెండు రోజుల పెట్రోలుకు మించదు. అయితే ఎక్స్‌ప్రెస్‌లన్నీ అక్కడ ఆగవు. సూపర్‌ఫాస్ట్ ఎక్కితే అదనపు రుసుము కట్టాలి. స్టేషన్ నుంచి ఆఫీసుకు ఆటో ఎంత అడుగుతాడో ముందే కనుక్కోండి. చాలామంది రైలు మానేసేది ఆ చివరి రెండు కిలోమీటర్ల దగ్గరే.

బాబు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. గుంటూరులో మిర్చి యార్డు పరిసరాలు, చుట్టుగుంట చుట్టుపక్కల వద్దు. సంక్రాంతి తర్వాత సరుకు రావడం మొదలై ఎండలు ముదిరేదాకా గాలిలో ఘాటు ఉంటుంది. అలవాటున్నవాళ్ళే తుమ్ముతుంటారు. ఆయాసం ఉన్న పిల్లాడికి అసలు పడదు. బెజవాడలో హైవేను ఆనుకున్న ఇల్లు కూడా అంతే. రోడ్డు నుంచి కనీసం రెండు మూడు వీధులు లోపలికి వెళ్ళండి.

బెజవాడలో అద్దె చవగ్గా కనిపిస్తే ఎందుకు చవకో ఆరా తీయండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ వైపు ఇల్లు చూస్తే కాంపౌండు గోడ మీద నీటి చార, కరెంటు మీటరు ఎంత ఎత్తులో ఉందో, లిఫ్టు గుంతలో నీళ్ళు చేరాయా అన్నవి చూడండి. ఓనరును అడగొద్దు. ఎదురింటివాళ్ళనో, వీధి చివర ఇస్త్రీ బండి అతన్నో అడగండి. గ్రౌండ్ ఫ్లోరు మాత్రం వద్దు. కొండను ఆనుకున్న ఇళ్ళూ అంతే. ఆ వరదకు ముందురోజే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి.

మీరు అడగని మూడో ఊరు ఒకటుంది, తాడేపల్లి. మా ఓటు దానికే. పొద్దున్నే వారధి దాటక్కర్లేదు, టోల్ కట్టక్కర్లేదు. ఆదివారం అత్తగారింటికి వెళ్ళాలంటే నది దాటితే చాలు. రాజధాని పనులు మళ్ళీ మొదలయ్యాక అద్దెలు ఎగబాకుతున్నాయి కాబట్టి మెయింటెనెన్సుతో కలిపి 16 వేలకు తేవాలంటే కొంచెం తిరగాలి. నెలకు ఇంతని చెప్పే అద్దెలో వాచ్‌మన్, లిఫ్టు, మోటారు ఖర్చు ఉందా, కరెంటుకు విడిగా మీటరు ఉందా అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేల్చుకోండి. అక్కడ దొరక్కపోతే పటమట లోపలి వీధులు చూడండి. ఏ ఇల్లైనా ఖాయం చేసేముందు, పని రోజున పొద్దున ఎనిమిదిన్నరకు ఆ గుమ్మం ముందు నుంచి కారు తీసి ఆఫీసు దాకా ఒకసారి వెళ్ళి రండి. ఇల్లు చూడ్డానికి ఆదివారం వెళ్తే ఏ ఊరైనా దగ్గరగానే కనిపిస్తుంది.

ప్రశ్న: గుంటూరులో ఇంజినీరింగ్ చదివాను. రెండు ఆఫర్లు వచ్చాయి. హైదరాబాదులో చేతికి 42 వేలు, బెంగళూరులో 48 వేలు. పని దాదాపు ఒకటే. ఏది మేలు?
– కొరిటెపాడు నుంచి ఓ పాఠకుడు

జవాబు: ముందు ‘చేతికి’ అన్నమాటను ఆఫర్ లెటర్లో వెతకండి. ఏడాది ప్యాకేజీలో కంపెనీ వంతు పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ కూడా కలిపి రాస్తారు. అవి తీసేసి, నెలనెలా బ్యాంకులో ఎంత పడుతుందో రెండింటికీ విడివిడిగా లెక్క వేయండి. ఆరు వేల తేడా ఒక్కోసారి అక్కడే సగమవుతుంది.

తర్వాత అడ్వాన్సు. హైదరాబాదులో మామూలుగా రెండు నెలల అద్దె. బెంగళూరులో ఐదారు నెలలు అడిగేవాళ్ళున్నారు, పది నెలలు అడిగే పాత పద్ధతివాళ్ళూ ఇంకా ఉన్నారు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఒక నెల అద్దె పట్టుకోవడం అక్కడ మామూలు. అగ్రిమెంటులో ఆ ముక్క ఉందో లేదో చదివి సంతకం పెట్టండి. నీళ్ళు కావేరి కనెక్షనా, బోరా, ట్యాంకరా అని కూడా అడగండి. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి బెంగళూరు ట్యాంకర్ల చుట్టూ తిరిగింది.

ఇంటికి రావడం చూస్తే, గుంటూరు నుంచి సికింద్రాబాదుకు నల్గొండ మీదుగా ఐదారు గంటల ప్రయాణం. టికెట్టు దొరక్కపోతే ఏదో ఒక బస్సు ఉంటుంది. బెంగళూరు రైలు నరసరావుపేట, మార్కాపురం, నంద్యాల మీదుగా రాత్రంతా నడుస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది కాబట్టి జనవరి 13న బయలుదేరి పండక్కి రావాలంటే నవంబరు 14 పొద్దున ఎనిమిదికే ఫోను పట్టుకుని కూర్చోవాలి. మరిచిపోయారా, ప్రైవేటు బస్సువాడు అడిగినంత ఇవ్వాల్సిందే.

పని ఒకటే, తేడా ఆరు వేలే అయితే హైదరాబాదు. పని నేర్చుకునే అవకాశం బెంగళూరులో ఎక్కువైతే మాత్రం జీతం తక్కువిచ్చినా అక్కడికే.

ప్రశ్న: మాది గుంటూరు. బ్యాంకులో బదిలీకి తిరుపతి, హైదరాబాదు రెండూ ఇచ్చారు. అమ్మాయి జూన్‌లో తొమ్మిదో తరగతికి వస్తుంది. చదువుకు ఏది మంచిది?

జవాబు: బడి కన్నా ముందు స్థానికత చూడండి. ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయింది కానీ, సీట్ల పద్ధతి 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చినదే. 85 శాతం స్థానికులకు, మిగతా 15 శాతం అన్‌రిజర్వుడ్. అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ళు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు వరసగా ఎక్కడ చదివితే అక్కడ స్థానికులు. హైదరాబాదులో ఈ నాలుగూ చదివితే ఆంధ్రలో స్థానికేతరురాలే. రాష్ట్రం విడిపోయిన పదేళ్ళ ఉమ్మడి ప్రవేశాల గడువు 2024 జూన్‌తో అయిపోయింది.

తిరుపతి మన రాష్ట్రమే కదా అనుకోవద్దు. ఈ సీట్ల లెక్కలో గుంటూరు ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిధి, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి. అక్కడ నాలుగేళ్ళు చదివితే విజయవాడ కాలేజీల్లో ఆ 85 శాతానికి మీ అమ్మాయి అర్హురాలు కాదు. అన్నిటికన్నా నష్టం మధ్యలో కదలడం. పదో తరగతి ఇక్కడ, ఇంటర్ అక్కడ అయితే వరస తెగిపోతుంది. వెళ్తే ఈ జూన్‌లోనే వెళ్ళండి, ఇంటర్ దాకా అక్కడే ఉంచండి. లేదా అమ్మాయిని గుంటూరులోనే బంధువుల దగ్గర ఉంచి మీరొక్కరే వెళ్ళండి. ఏ ఏడాదికి ఆ ఏడాది స్టడీ సర్టిఫికెట్ తీసి దాచుకోండి. బడి మూతపడ్డాక ఆ కాయితం కోసం తిరగడం నరకం.

ప్రశ్న: హైదరాబాదు నంబరు బండిని విజయవాడ తెచ్చుకుంటే నంబరు మార్చాలా?

జవాబు: 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే మార్చాలి. ముందు అక్కడి రవాణా కార్యాలయంలో ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోండి. చలాన్లు బాకీ ఉంటే ఇవ్వరు. బండి మీద అప్పుంటే ఫైనాన్సువాళ్ళ అంగీకారం కావాలి. ఇక్కడికి వచ్చాక ఫారం 27 పెట్టి లైఫ్ ట్యాక్సు కట్టండి. కొత్త నంబరు వచ్చాక అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగండి. దానంతట అది రాదు, దరఖాస్తు చేయాల్సిందే.