పాఠకుల ప్రశ్నలు, జవాబులు: సూలిస్ గుడి, సీసపు రేకులు

ఈ నెల ప్రశ్నలన్నీ రోమన్ల ఏలుబడిలోని బ్రిటన్ గురించే. స్థానిక దేవతలూ రోమన్ దేవతలూ అక్కడ ఎలా కలిశారన్నది అందరి సందేహం.

ప్రశ్న: బాత్ ఊళ్లో రోమన్ స్నానశాలలు చూసొచ్చాం. అక్కడి దేవత పేరు సూలిస్ మినర్వా అట. ఒక దేవతా, ఇద్దరా? మన గ్రామదేవతను పార్వతి అంశ అన్నట్టేనా? (బ్రిస్టల్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దేవత ఒక్కతే, పేర్లు రెండు. సూలిస్ స్థానికుల దేవత, ఆ వేడినీటి ఊట ఆమెదే. ఇప్పటికీ అక్కడ 46 డిగ్రీల వేడితో రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా నీళ్లు ఉబికి వస్తున్నాయి. క్రీ.శ. 60, 70ల ప్రాంతంలో రోమన్ పద్ధతిలో గుడి లేచింది, ఆమెను రోమన్ల జ్ఞానదేవత మినర్వాతో ఒకటిగా చూశారు. పరాయి దేవుణ్ణి తమకు తెలిసిన పేరుతో పిలుచుకోవడం రోమన్లకు అలవాటే. చరిత్రకారుడు టాసిటస్ దీన్ని ‘ఇంటర్‌ప్రెటాషియో రోమానా’ అన్నాడు, అంటే రోమన్లు చెప్పుకున్న అర్థం.

పేర్ల వరుస గమనించండి. బ్రిటన్ ఉత్తరాన మార్స్ కొకిడియస్, అపొల్లో మపోనస్ అంటూ రోమన్ పేరు ముందు వస్తుంది. బాత్‌లో స్థానిక పేరే ముందు. మినర్వా ఊసే లేకుండా ‘సూలిస్ దేవతకు’ అని మాత్రమే చెక్కిన రాళ్లూ ఉన్నాయి. రోమన్లు ఊరికి పెట్టిన పేరు కూడా అక్వె సూలిస్, సూలిస్ జలాలు. విగ్రహం మాత్రం పూర్తిగా రోమన్ తీరు. 1727లో మురుగు కాలవ తవ్వుతుంటే బయటపడిన, బంగారు పూత పూసిన కంచు తల అచ్చంగా మినర్వాదే. స్థానిక దేవతను రోమన్ దేవత మింగేసిందన్న మాట మాత్రం ఇక్కడ నిలవదు.

మీ పోలిక కొంతవరకే సరిపోతుంది. ఫలానా అమ్మవారు పార్వతి ఎలా అయిందో చెప్పడానికి మనకు స్థలపురాణం ఉంటుంది. సూలిస్ గురించి అలాంటి కథ ఒక్కటీ మిగల్లేదు. మిగిలినవి రాళ్లూ రేకులూ నాణేలే. పైగా ప్రతి దేవతకూ రోమన్ జోడీ దొరకలేదు. బ్రిటన్ ఉత్తరాన రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర కారోబరోలో కొవెంటినా అనే ఊటదేవత బావి ఉంది. 1876లో తవ్వితే 13,000కు పైగా నాణేలు వచ్చాయి. రోమన్ సైనికులు ఆమెను ఆ పేరుతోనే కొలిచారు.

ప్రశ్న: ఊటలో దొరికిన శాపాల రేకులు ఎలా తయారుచేసేవారు? అవి చేతబడి లాంటివా? (విజయవాడ)

జవాబు: చేతబడి కన్నా ఫిర్యాదు పత్రం అనడం సబబు. 1979, 80 తవ్వకాల్లో ఊటలోంచి సుమారు 130 రేకులు తీశారు. సీసం, తగరం కలిపిన లోహాన్ని పల్చటి రేకు చేసి, మొనదేలిన గంటంతో గీకి రాసేవారు. రాత లోపలికి వచ్చేలా మడిచో చుట్టో నీళ్లలో వేసేవారు. చదవాల్సింది దేవత, మనుషులు కాదు. ఇప్పుడు చదవాలంటే ఆ మడత విప్పాలి, తొందరపడితే మడత దగ్గరే విరుగుతుంది. గీతలు లోతుండవు కాబట్టి దీపం పక్కనుంచి ఏటవాలుగా పడాలి. ఎదురుగా వెలుతురు పడితే ఏమీ కనపడదు.

దాదాపు అన్నీ దొంగతనాల గురించే. స్నానానికి బట్టలు విప్పి పక్కన పెడతారు, తిరిగొచ్చేసరికి ఉండవు. పట్టుకునేందుకు మనకు తెలిసిన పోలీసు వ్యవస్థ అప్పుడు లేదు. డొకిమెడిస్ అనే అతను పోగొట్టుకున్నది రెండు చేతి తొడుగులు. ఎత్తుకెళ్లినవాడికి మతి పోవాలని, కళ్లు పోవాలని కోరాడు. డొకిలియానస్‌ది తలముసుగున్న పైవస్త్రం. తీసినవాడు ‘మగవాడైనా ఆడదైనా, బానిసైనా స్వతంత్రుడైనా’ ఆ వస్త్రం గుడికి తెచ్చిచ్చేదాకా వాడికి నిద్రా సంతానమూ లేకుండా చావు రావాలన్నాడు. ఈ ‘అయినా, అయినా’ వరస రోమన్ దస్తావేజుల భాష. దొంగ తప్పించుకునే సందు లేకుండా కట్టిన మాట అది.

అసలు కిటుకు మరోటి ఉంది. పోయిన వస్తువును దేవతకే ‘ఇచ్చేస్తున్నాను’ అని రాసేవారు. అప్పటినుంచి దొంగ దగ్గరున్నది దేవత సొత్తు, వసూలు చేసుకోవలసింది ఆమె. కోరిక స్థానిక దేవతకు, మాట లాటిన్‌లో, ఎత్తుగడ చట్టానిది. మతాల కలయిక అనే పెద్ద మాట చేతిలో పట్టుకునేంత చిన్నగా కనిపించేది ఇక్కడే.

తప్పులూ ఉన్నాయి. గ్లాస్టర్‌షైర్‌లోని ఊలీలో మెర్క్యురీ గుడి దగ్గర దొరికిన రేకు మీద సాటర్నినా అనే స్త్రీ నారబట్ట పోయిందని రాయించింది. ముందు మార్స్ సిల్వానస్ అని రాసి, దాన్ని కొట్టేసి మెర్క్యురీ పేరు పెట్టారు. బట్ట రాబడితే మూడో వంతు మెర్క్యురీకి, మూడో వంతు సిల్వానస్‌కు అని మాటిచ్చింది. పేరు మారినా ముందనుకున్న దేవుణ్ణి ఆమె వదల్లేదు.

ప్రశ్న: మ్యూజియంలో బలిపీఠాల మీద రాతలు ఎలా చదవాలి? (హైదరాబాద్ విద్యార్థి)

జవాబు: కింది వరుసతో మొదలుపెట్టండి. అక్కడ వి, ఎస్, ఎల్, ఎం అనే నాలుగు అక్షరాలుంటే ‘వోటుమ్ సోల్విట్ లిబెన్స్ మెరిటో’ అని: మొక్కును ఇష్టపూర్వకంగా, తగినట్టుగా తీర్చుకున్నాడు. అంటే కోరిక తీరాక నిలిపిన రాయి అది. తర్వాత పై వరుసకు వెళ్లండి, దేవుడి పేరు అక్కడుంటుంది. ఐ, ఓ, ఎం ఉంటే రోమన్ దేవతల రాజు జూపిటర్. ‘ప్రొ సలూటె’ ఉంటే మరొకరి క్షేమం కోసం మొక్కారని. బాత్‌లో రెండు రాళ్లు ఇలాంటివే. ఆరో లీజియన్ అనే రోమన్ సేనలో సెంచూరియన్ (దళనాయకుడు) అయిన ఔఫీడియస్ మాక్సిమస్ క్షేమం కోరి, అతను బానిసత్వం నుంచి విడిపించిన లెమ్నస్, యూటిఖెస్ విడివిడిగా నిలిపారు. ఇద్దరూ పిలిచింది సూలిస్‌నే. సెంచూరియన్ అనడానికి 7 లాంటి గుర్తు చెక్కుతారు, దాన్ని అంకె అనుకుని పొరబడకండి.

బాత్‌లోనే లూసియస్ మార్సియస్ మెమోర్ రాయి చూడండి. బలి పశువు పేగులు, కాలేయం చూసి శకునం చెప్పే ‘హారుస్పెక్స్’ అతను. ముందు ‘హార్’ అని మూడు లాటిన్ అక్షరాలే మధ్యకు సరిగ్గా చెక్కి, తర్వాత మరో మూడు చేర్చారు. అందుకే ఆ వరుస కుడివైపు ఒరిగిపోయింది. ఇటలీ నుంచి వచ్చిన విద్య కాబట్టి, పొట్టి మాట అక్కడివాళ్లకు అర్థం కాలేదేమో అనిపిస్తుంది.

ప్రశ్న: రోమన్లు అన్ని నమ్మకాలనూ కలుపుకున్నారనడం నిజమేనా? (ఖమ్మం)

జవాబు: కాదు. క్రీ.శ. 60 ప్రాంతంలో గవర్నర్ స్వెటోనియస్ పౌలినస్ వేల్స్ పక్కనున్న ఆంగ్లసీ దీవి మీద పడి, డ్రూయిడ్లు అనే స్థానిక పూజారుల పవిత్ర తోపులను నరికించాడు. దేవుళ్లతో పేచీ లేదు, ప్రజలను కూడగట్టగల పూజారులతోనే పేచీ. క్రైస్తవుల సంగతి వేరు. ఇంకో దేవుడి పేరు పక్కన తమ దేవుడి పేరు చేర్చడానికి వాళ్లే ఒప్పుకోలేదు. అయినా ఊట దగ్గర వాళ్లనూ లెక్కలోకి తీసుకున్నారు. అన్నియానస్ అనే అతని సంచిలోంచి ఆరు వెండి నాణేలు పోయాయి. రేకు మీద అతను మొట్టమొదట రాసిన మాట ‘అన్యమతస్థుడైనా, క్రైస్తవుడైనా’. ఆ తర్వాతే మగా ఆడా, బానిసా స్వతంత్రుడూ. దొంగ ఎవరైతేనేం, అమ్మా, నువ్వే వసూలు చెయ్యి అని సూలిస్‌ను వేడుకున్నాడు.