అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌లో రంగును, గీతను ఎలా చూడాలి?

మనిషో చెట్టో కనబడని పెయింటింగ్‌లో రంగులూ గీతలూ చూసి ఏం అర్థం చేసుకోవాలని అడిగారు. నేను చిత్రకారుణ్ణి కాదు. న్యూజెర్సీలో ఉద్యోగం, సెలవు దొరికితే మ్యూజియం. అర్థం సంగతి పక్కన పెట్టి ఒక్కటే చూస్తాను: ఇక్కడ గీత రంగును ఆపుతోందా, లేక గీతే రంగైపోయిందా?

ఇది తెలియాలంటే డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్‌తో మొదలుపెట్టండి. ఎరుపు, నీలం, పసుపులతో 1930లో వేసిన కాంపొజిషన్ నెట్‌లో దొరుకుతుంది. కుడివైపు పైన పెద్ద ఎర్ర చదరం, ఎడమవైపు కింద చిన్న నీలం, కుడివైపు అడుగున ఇంకా చిన్న పసుపు. మిగతాదంతా తెలుపు, నల్ల గీతలు. ఆ నీలాన్ని బొటనవేలితో మూసి చూడండి, మొత్తం ఎరుపు వైపు ఒరిగిపోతుంది. వేలు తీస్తే మళ్ళీ సర్దుకుంటుంది. గీతల మందం కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. సంక్రాంతి ముగ్గులో తెల్ల గీత రంగుకు కాపలా కాసినట్టు ఇక్కడ నలుపు కాస్తుంది.

1940లో న్యూయార్క్ చేరాక ఆయన ఆ కాపలానే తీసేశాడు. 1942-43లో వేసిన 'బ్రాడ్‌వే బూగీ వూగీ' అక్కడి మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. నిలువూ అడ్డమూ 127 సెంటీమీటర్లే. నల్ల గీత ఒక్కటీ లేదు. పసుపు గీతలు, వాటి మీద ఎరుపు, నీలం, బూడిద రంగు గళ్ళు. దాని ముందు నిలబడితే నా చూపు ఎక్కడా కుదురుగా ఆగలేదు. ఒక గీత వెంట వెళ్తుంటే, ఇంకో గీత అడ్డం వచ్చిన చోట రంగు మారి చూపు అటు మళ్ళుతుంది. ఫోన్‌లో ఈ కదలిక సగం కూడా తెలియదు. బూగీ వూగీ అనే హుషారైన పియానో సంగీతమంటే ఆయనకు పిచ్చి, పేరు ఊరికే పెట్టలేదు.

ఆ రోజుల్లోనే ఆయన రంగు టేపులు అంటించి చేసిన పని ఒకటి జర్మనీలో దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడుతోందని 2022లో ఒక క్యూరేటర్ అన్నారు. జనం నవ్వుకున్నారు. నాకు నచ్చింది ఆ టేపే. నచ్చకపోతే పీకి పక్కకు జరపొచ్చు, గీసిన గీతకు ఆ వెసులుబాటు లేదు.

రంగే లేకుండా గీత ఒక్కటే ఏం చేయగలదో చూడాలనుంటే మన దేశపు చిత్రకారిణి నస్రీన్ మొహమ్మది పెన్సిల్, ఇంకు డ్రాయింగులు వెతకండి. వాటిని మాత్రం హడావిడిగా స్క్రోల్ చేయకండి, గీతలు మరీ సన్నం.