ట్రావెలర్‌లో సీట్లు తీసి పడక వేయించవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది రాజమహేంద్రవరం. డ్రైవరు సీటుతో కలిపి 13 సీట్లున్న 2019 మోడల్ ఫోర్స్ ట్రావెలర్‌ను ఒక ట్రావెల్స్ యజమాని దగ్గర పసుపు బోర్డుతోనే కొన్నాను. నేను, నా భార్య, మా అమ్మ, ఇద్దరు పిల్లలు కలిసి ఊళ్ళు తిరుగుతూ రాత్రిళ్ళు బండిలోనే పడుకునేలా దాన్ని క్యాంపర్ వ్యాన్‌గా మార్పించాలని ఉంది. వెనుక ఎనిమిది సీట్లు తీసేసి, మడిస్తే సోఫా, పరిస్తే మంచం అయ్యేదాన్ని పక్కగోడ వెంట బిగిస్తామని, డ్రైవరు పక్క సీటు వెనక్కి తిరిగేలా చేస్తామని షెడ్డు వాళ్ళు చెబుతున్నారు. ఇప్పటికే చివరి వరుసలోని మూడు సీట్లు విప్పాము. ఆర్టీవో వాళ్ళు ఏమీ అనరని, అన్నా చలానాతో పోతుందని అంటున్నారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, దారిలో పడుకునే రావాలి. ఇది చట్టానికి లోబడే ఉంటుందా?

జవాబు: షెడ్డు వాళ్ళు చెప్పిన పద్ధతిలో చేయిస్తే లోబడి ఉండదు. మీరు కోరుకుంటున్న బండిని చట్టం పూర్తిగా కాదనడం లేదు గాని, దానికి వేరే దారి ఉంది, ఆ దారిలో అనుమతి ముందు, స్పానర్ తరువాత. మీ విషయంలో స్పానర్ ముందు పడింది కనుక, మిగతా సీట్ల జోలికి వెళ్ళకుండా పని వెంటనే ఆపించమని మొదటి మాటగా చెబుతున్నాను.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఈ విషయానికి మూలం. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని ఎవరూ బండిని మార్చకూడదని అది అంటుంది. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణం మారితే దాన్నే మార్పు అంటారని అదే సెక్షన్ వివరణ ఇస్తుంది. మీ సీ బుక్, అంటే ఆర్‌సీ, తీసి చూడండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఉన్నట్లే సీట్ల సంఖ్య కూడా అందులో ఉంటుంది. 13 అని రాసి ఉన్న బండిలో ఐదు సీట్లు, ఒక మంచం కనిపిస్తే అది సీటు కవర్లు మార్చినట్లో, మెత్తలు వేయించినట్లో కాదు. పదముగ్గురిని మోసే ప్రయాణికుల వాహనం పడక గదిగా మారిందంటే మౌలిక లక్షణం మారిందని ఏ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరైనా రాస్తారు, ఆ రాతను కోర్టులో కాదనిపించడం కష్టం.

ఈ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2019 జనవరి 9న రీజినల్ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసర్ వర్సెస్ కె. జయచంద్ర కేసులో వ్యాఖ్యానించింది. కేరళ హైకోర్టు డివిజన్ బెంచి కొంత వెసులుబాటు ఇస్తూ చెప్పిన తీర్పును పక్కన పెట్టి, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని, 52వ సెక్షన్ అనుమతించిన మేరకే మార్పులు చెల్లుతాయని జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం తేల్చింది. ఆ తరువాత రిజిస్టరింగ్ అధికారులు ఇలాంటి దరఖాస్తులను చాలా జాగ్రత్తగా చూస్తున్నారు, చూడటం సబబే. అనుమతి లేకుండా మార్పు చేసి ఉంటే 14 రోజుల్లోగా అధికారికి తెలియజేయాలని కూడా 52వ సెక్షన్‌లో ఉంది. దాన్ని చూపించి, ముందు మార్చేసి తరువాత కాగితం పెడితే సరిపోతుందని కొందరు చెబుతారు. అది యజమాని మీద పెట్టిన బాధ్యతే తప్ప, చట్టం ఒప్పుకోని మార్పును ఒప్పుకునేలా చేసే హక్కు కాదు.

చలానాతో పోతుందన్న మాట మరీ ప్రమాదకరమైనది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, చట్టం అనుమతించని రీతిలో బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాటను గుర్తుంచుకోండి. సీట్లు తీయడం ఒకటి, సోఫా బిగించడం ఒకటి, ముందు సీటు తిప్పడం ఇంకొకటి. రోడ్డు భద్రతా ప్రమాణాలకు విరుద్ధంగా ఉన్న బండిని నడిపితే 190వ సెక్షన్ కింద మొదటిసారే మూడు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ విధించవచ్చు, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత వస్తుంది. బండి జనానికి ప్రమాదకరమని తోస్తే 53వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్‌నే సస్పెండ్ చేయవచ్చు. పైగా మీది పసుపు బోర్డు బండి, అంటే కిరాయికి తిప్పే రవాణా వాహనం. ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆ తరువాత ఏడాదికోసారి ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ పరీక్షకు, వెళ్ళక తప్పదు, అక్కడ తలుపు తీయగానే ఖాళీ నేల కనిపిస్తుంది.

ఇక సీటు గురించి. చట్టం మాట అలా ఉంచినా ఇది చెప్పి తీరాలి. కొన్నేళ్ళ క్రితం ఒక నష్టపరిహారం కేసు కోసం ఇలాగే షెడ్డులో మార్పించిన ఒక వ్యాన్‌ను నేను నేల మీద పడుకుని కింది నుంచి చూశాను. కంపెనీ సీటు బిగించిన చోట రేకు కింద మందపాటి ఉక్కు పట్టీ, దానికి వెల్డు చేసిన నట్లు ఉన్నాయి. షెడ్డు వాళ్ళు సోఫా బిగించిన చోట ఉత్త రేకుకు రంధ్రం, రూపాయి బిళ్ళంత వాషరు, దాని కింద నట్టు. సీటు బెల్టు కొసను ప్లైవుడ్ పెట్టెకు చెక్క స్క్రూలతో బిగించారు. బండి గుద్దుకున్న క్షణంలో ఆ స్క్రూలు ప్లైవుడ్ పొట్టుతో సహా ఊడి వచ్చాయి. కార్ల తరగతిలో బెల్టు బిగింపును పరీక్షించేటప్పుడు ఒక్కో పట్టీని దాదాపు 1,350 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగి చూస్తారు. ట్రావెలర్ వంటి ఎం2 తరగతి (చిన్న బస్సుల తరగతి) బండ్లకు ఆ లెక్క తక్కువే అయినా, చెక్క స్క్రూ అందులో ఏ భాగానికీ నిలవదు. ఈ తరగతి సీట్లకు, వాటి బిగింపులకు ఏఐఎస్-023 అనే వాహన పరిశ్రమ ప్రమాణం ఉంది. సీటు, దాని కాళ్ళు, కింది నేల కలిపి దానికి లోబడాలి, కాబట్టి సోఫా ఎంత గట్టిగా ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు.

పక్కకు చూసే సోఫాకు బెల్టే అక్కర్లేదని వాదించేవాళ్ళు కూడా ఉన్నారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 138వ రూలు ముందుకు చూసే వెనుక సీట్లలోని వాళ్ళు బెల్టు పెట్టుకోవాలని చెబుతుంది గనుక మిగతావాటికి మినహాయింపు ఉందని వాళ్ళ తర్కం. ఆ రూలు ఎవరు బెల్టు పెట్టుకోవాలో చెబుతుందే గాని, పరీక్షకు నిలవని సోఫాను ప్రయాణికుల సీటుగా గుర్తించదు. పిల్లల విషయంలో 194బి సెక్షన్ మరీ స్పష్టం. 14 ఏళ్ళ లోపు వాళ్ళను బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా. పిల్లలు మంచం మీద ఆడుకుంటూ రావాలన్న ఆలోచన మీకు ఉంటే దయచేసి వదులుకోండి.

ముందు సీటును తిప్పే పళ్ళెం విదేశీ సర్టిఫికెట్ స్టిక్కరుతో దొరుకుతుంది. అది మన దేశంలో చెల్లాలంటే 126వ రూలు కింద గుర్తింపు ఉన్న పుణెలోని ఆరాయ్, మానేసర్‌లోని ఐకాట్ వంటి పరీక్షా సంస్థ ఆ బండి మోడల్‌కే ఇచ్చిన పత్రం ఉండాలి. ఆ పళ్ళెం సీటును కాస్త ఎత్తు చేస్తుంది, దానితో బెల్టు నడుము మీద పడాల్సింది పొట్ట మీద పడే ప్రమాదం ఉంది. పత్రం లేకపోతే ముందు సీటును అలాగే ఉంచండి.

మీ అమ్మగారి సంగతి నాకు అర్థమవుతోంది. 2019 సవరణ వికలాంగుల కోసం అనుకూల వాహనంగా మార్చుకోవడానికి 52వ సెక్షన్‌లోనే వీలు కల్పించింది, దానికి తరువాత ఆమోదం తీసుకున్నా చెల్లుతుంది. అయితే ఆ బండిని వైకల్యం ఉన్న వ్యక్తే గాని, కేవలం ఆ వ్యక్తి కోసమే గాని వాడాలన్నది నిర్వచనంలోని షరతు. ఇంటిల్లిపాదీ తిరిగే బండికి, మోకాళ్ళ నొప్పుల ఆధారంతో అది అన్వయించదు. కంపెనీ ఇచ్చిన వాలే సీటులో బెల్టు పెట్టుకుని, గంటకో గంటన్నరకో ఒకసారి బండి ఆపి, ఆగినప్పుడు మంచం మీద నడుము వాల్చడమే ఆవిడకు క్షేమం.

ఇక సరైన దారి. సొంత వాడకానికి ఉద్దేశించిన క్యాంపర్ వ్యాన్‌ను రవాణాయేతర వాహనాల్లో ఒక రకంగా 2004 నవంబరు 5 నాటి కేంద్ర నోటిఫికేషన్ గుర్తించింది. ఇలా లోపల బస చేసే బండ్లకు, అంటే మోటార్ క్యారవాన్‌లకు, ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. దాని కింద ఆమోదం పొందిన బాడీ బిల్డరు దగ్గర, ఆమోదించిన డ్రాయింగు ప్రకారం పని చేయించి, ఆ పత్రాలతో ఆర్‌సీలో వాహన తరగతి, సీట్ల సంఖ్య మార్పించుకోవాలి. మీ బండికి దీనికి ముందే మరో మెట్టు ఉంది. పర్మిట్‌ను అప్పగించి, బకాయి పన్ను కట్టి, రవాణా వాహనం నుంచి సొంత వాహనంగా మార్పు కోరాలి. కాంట్రాక్ట్ క్యారేజీలకు, అంటే కిరాయి ప్రయాణికుల బండ్లకు, పన్ను సీట్ల లెక్కన ఉంటుంది కనుక, కాగితాల మీద 13 ఉన్నంతకాలం ఆ లెక్కే నడుస్తుంది. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ళ రాతపూర్వక సమ్మతి లేకుండా ఏ మార్పూ చేయించవద్దు. షెడ్డు వాళ్ళను ఒకటే అడగండి: ఈ మోడల్‌కు మీ పేరున ఉన్న ఆమోద పత్రం చూపిస్తారా? చూపించలేకపోతే వాళ్ళ పనితనం ఎంత బాగున్నా ఆ పని అక్కడ చేయించకండి.

మీ కుటుంబానికి అనుకూలించే విషయం ఒకటుంది. మీరు ఐదుగురు. 13లో ఎనిమిది పోతే డ్రైవరుతో కలిపి మిగిలేది ఐదు, అవన్నీ కంపెనీ బిగించినవే. కాబట్టి అనుమతి కోరే డ్రాయింగులో ఆ ఐదింటినీ కదపకుండా చూపించి, మంచాన్ని బండి ఆగినప్పుడు మాత్రమే వాడేదిగా రాయించండి. ప్రయాణికుల కోసం కొత్త సీటు ఒక్కటీ బిగించని దరఖాస్తుకు అభ్యంతరాలు తగ్గుతాయి. అల్మరాలు, నీళ్ళ ట్యాంకు బరువు కూడా లెక్క వేయించండి. వంద లీటర్ల నీళ్ళంటే వంద కిలోలు, మొత్తం ఆర్‌సీలోని స్థూల బరువును దాటకూడదు.

మార్పు ఆర్‌సీకి ఎక్కగానే బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి పాలసీలో నమోదు చేయించండి. ముఖ్యమైన విషయం దాచారన్న వాదన వాళ్ళకు దొరికితే క్లెయిము వివాదంలో పడుతుంది. సొంత వాహనంగా మారాక థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంచుకుంటే లోపల ప్రయాణించే మీవాళ్ళకు రక్షణ ఉండదు, ప్యాకేజీ పాలసీ తీసుకోండి. తెల్ల బోర్డు వచ్చాక స్నేహితులకైనా అద్దెకు ఇవ్వకండి, పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పడం వేరే నేరం.

విప్పిన ఆ మూడు సీట్లను తుక్కుకు వేయకండి. బోల్టులను ఏ సీటువి ఆ సీటుతో సంచిలో కట్టి, రంధ్రాల దగ్గర తుప్పు పట్టకుండా చూసి, వీలైతే ఈ వారంలోనే కంపెనీ అధీకృత సర్వీసు సెంటరులో తిరిగి బిగించి, బిల్లు తీసుకోండి. బండి ఆర్‌సీ ప్రకారమే ఉందని రేపు అధికారి ముందు చూపించడానికి ఆ బిల్లు పనికి వస్తుంది. అది చేతికి వచ్చేదాకా బండిని ఇంటి దగ్గరే ఉంచండి.